గోవా 70.3కి తయారీ: హైదరాబాద్ మేలా, విశాఖ మేలా?

ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయథ్లాన్ రేసు గోవా 70.3. దానికి పేరిచ్చిన రోజు నుంచి నాకూ మా బావమరిదికీ మధ్య నడుస్తున్న వాదన ఇది. నేను హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాను, వాడు విశాఖ ఎంవీపీ కాలనీలో. ఇద్దరికీ నలభై దాటింది, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇద్దరికీ ఇదే మొదటి లాంగ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్. "నీకు సముద్రం గుమ్మం ముందే ఉంది కదరా" అని నేనంటే, "నీకు కార్లు రాని సైకిల్ ట్రాక్ ఉంది కదా బావా" అని వాడంటాడు. ఎనిమిది నెలలుగా నేను అక్కడికి వెళ్లి, వాడు ఇక్కడికి వచ్చి రెండు ఊళ్లలోనూ ప్రాక్టీస్ చేశాం. ఎవరైనా అడిగితే ఇప్పుడు లెక్క తేల్చి చెప్పగలను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. 70.3 అంటే మైళ్లలో మొత్తం దూరం. 1.9 కిలోమీటర్లు ఈత, 90 కిలోమీటర్లు సైకిల్, 21.1 కిలోమీటర్లు పరుగు. ఐరన్‌మ్యాన్ అనే పెద్ద ట్రయథ్లాన్ దూరంలో ఇది సగం. మామూలుగా 8 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. ఈతకి 1 గంట 10 నిమిషాలు గడువు, అది దాటితే సైకిల్ దాకా కూడా వెళ్లనివ్వరు. గోవాలో 2019లో మొదలైంది, ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో పెడతారు. మిరామార్ బీచ్‌లో ఈత, ఎత్తుపల్లాల రోడ్డు మీద సైకిల్, ఎండలో పరుగు. కాబట్టి ఏ ఊరు మేలు అంటే, ఈ మూడింటికి ఏది దగ్గరగా ఉందో చూడాలి.

ముందు ఈత. మొదటిసారి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి టెన్షన్ దీని గురించే.

నేను గచ్చిబౌలి వైపు పూల్‌లో నేర్చుకున్నాను. పూల్‌లో కింద గీత ఉంటుంది, దాన్ని చూస్తూ పోతే తిన్నగా పోతాం. 25 మీటర్ల పూల్‌లో 1.9 కిలోమీటర్లంటే 76 లెంగ్త్‌లు. అంటే 75 సార్లు గోడని కాళ్లతో తన్ని ముందుకొస్తాం. తన్నిన ప్రతిసారీ కొన్ని మీటర్లు కష్టపడకుండానే వస్తాయి, ఒక క్షణం ఊపిరీ తీసుకోవచ్చు. సముద్రంలో గోడ లేదు, గీత లేదు.

ఫిబ్రవరిలో విశాఖ రుషికొండ బీచ్‌లో మొదటిసారి దిగాను. అప్పటికే పూల్‌లో రెండు కిలోమీటర్లు ఆగకుండా ఈదేవాణ్ణి. వంద మీటర్లు లోపలికి వెళ్లేసరికి ఊపిరి అందలేదు. అది అలసట కాదు, భయం. కిందికి చూస్తే పచ్చటి మసక తప్ప ఏమీ కనపడలేదు. గాలి కోసం తల తిప్పినప్పుడల్లా అల వచ్చి నోట్లో కొట్టింది. చేతులు ఇష్టమొచ్చినట్టు ఆడిస్తున్నాను, ఉన్నచోటే ఉన్నాను. మా వాడు పక్కకి వచ్చి, "బావా, వెల్లకిలా తిరుగు. ఆకాశం చూడు. ముప్పై లెక్కపెట్టు" అన్నాడు. లెక్కపెట్టాను. పదిహేను దాటాక కాళ్లు వాటంతటవే పైకి తేలాయి. ఉప్పునీళ్లు మనిషిని మంచినీళ్ల కంటే బాగా తేలుస్తాయని చదివి ఉన్నాను, ఒంటికి తెలిసింది మాత్రం ఆ రోజే. ఈ ముప్పై లెక్క నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో చోటు లేదు.

ఇంకొకటి, దారి చూసుకోవడం. సముద్రంలో ఏడెనిమిది బారలకొకసారి కళ్లు మాత్రం నీటి పైకి తెచ్చి ఎదురుగా ఉన్న బోయాని, అంటే దారి చూపడానికి నీటి మీద తేలే గుర్తుని, చూడాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగిపోతుంది. మొదటి రోజు వెయ్యి మీటర్లు ఈదాలనుకున్నాను, వాచీలో 1,240 వచ్చింది. మిగతాదంతా వంకరటింకర ఈత. గోవాలో అలా ఈదితే గడువు దగ్గరపడిపోతుంది. మెడ దగ్గర, చంకల్లో ఉప్పుకి ఒరుసుకుపోయి మంట పుట్టడం కూడా అక్కడే తెలిసింది. వాడు కొబ్బరినూనె రాసుకుంటాడు, నేను వాజ్‌లైన్.

అయితే ఇక్కడే విశాఖవాళ్లు చెప్పని ఒక విషయం ఉంది. అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో రేసంటే అసలైన తయారీ జులై నుంచి. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం కోపంగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో మా వాడు దిగిన రోజుల కంటే ఒడ్డున నిలబడి వెనక్కి వచ్చిన రోజులే ఎక్కువ. అక్టోబర్ వస్తే తుపాన్ల భయం. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబర్ 12న. ఆర్కే బీచ్‌లో అయితే శాంతంగా కనిపించే రోజున కూడా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, అక్కడ ఈత ప్రాక్టీస్ మాట ఎత్తవద్దు. రుషికొండలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి చెప్పాడు: "లాగితే ఒడ్డుకేసి ఈదొద్దు బాబూ. పక్కకి ఈదండి, అదే వదిలేస్తాది." ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగవద్దు. వాడు కూడా వారంలో మూడు రోజులు పూల్‌కే వెళ్తాడు. అంటే గుమ్మం ముందు సముద్రం ఉన్నా, ఏడాదిలో అది ఒప్పుకునే నెలలు కొన్నే.

ఈతే రానివాళ్లకి ఏ ఊరైనా ఒకటే. ఆరు నెలలు పూల్, ఆ తర్వాతే సముద్రం.

సైకిల్ విషయంలో నా ఓటు హైదరాబాద్‌కే, ఇందులో నాకు అనుమానం లేదు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన ట్రాక్ 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క. వానలోనూ తొక్కొచ్చు, వెనక నుంచి లారీ వస్తుందన్న భయం ఉండదు. 90 కిలోమీటర్లలో చాలా భాగం మోచేతులు హ్యాండిల్ మీద ఆనించి వంగే తొక్కాలి. మెడకీ నడుముకీ అది అలవాటు కావాలంటే గంటల తరబడి బ్రేకు పట్టకుండా తొక్కే చోటు కావాలి. ఆదివారం పొద్దెక్కితే పిల్లలు, కుటుంబాలు వస్తారు, కాబట్టి ఐదింటికే మొదలుపెట్టాలి. కొండలు కావాలంటే వికారాబాద్, అనంతగిరి ఉన్నాయి. అసలు హైదరాబాద్ ఊరే మిట్టపల్లాల మీద కట్టింది, ఏ ఫ్లైఓవర్ ఎక్కినా తొడలకి పని తగులుతుంది.

విశాఖలో భీమిలి రోడ్డు అందంగా ఉంటుంది, నేను తొక్కిన దార్లలో అంత అందమైనది ఇంకొకటి లేదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి వెళ్లి వస్తే 60 కిలోమీటర్ల దరిదాపు. సముద్రపు గాలి వెళ్లేటప్పుడు వీపు తట్టి, వచ్చేటప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. వేగం చూసి కాకుండా ఒంట్లోని శక్తి చూసి తొక్కడం ఆ గాలే నేర్పుతుంది. కానీ ఏడున్నర తర్వాత కార్లు, బస్సులు, మలుపుల్లో ఇసుక. పిల్లలున్నవాణ్ణి, నేను ఆ దారిలో వంగి తొక్కను.

పరుగు దగ్గర లెక్క మళ్లీ తిరగబడింది.

సెప్టెంబర్‌లో హైదరాబాద్ తెల్లవారుజాము చల్లగా హాయిగా ఉంటుంది. ఆ హాయే మనల్ని మోసం చేస్తుంది. గంట పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకున్నాను, 700 గ్రాములు తగ్గాను. వారం తర్వాత విశాఖ బీచ్ రోడ్డులో, పొద్దున్నే బళ్లు రాకుండా ఆపేసే ఆ వేళలో, అదే వేగంతో గంట పరిగెత్తితే 1.4 కిలోలు తగ్గాను. గుండె నిమిషానికి 14 సార్లు ఎక్కువ కొట్టుకుంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. గాల్లో తేమ నిండి ఉంటే అది ఆరదు, కారిపోతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. గోవాలో నాలుగైదు గంటలు కష్టపడ్డాక, సూర్యుడు నెత్తిమీదున్నప్పుడు 21 కిలోమీటర్లు పరిగెత్తాల్సింది అలాంటి గాల్లోనే.

దీనికి మందు అలవాటే. 10 నుంచి 14 రోజులు రోజూ గంటో గంటన్నరో ఆ ఉక్కలో కదిలితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. మా వాడికి ఇదంతా పుట్టుకతో వచ్చినట్టే. ఆగస్టులో వాడు ఇక్కడికి వచ్చి అనంతగిరి ఎక్కలేక సగంలో సైకిల్ దిగాడు, సాయంత్రం పరుగులో మాత్రం నన్ను అరకిలోమీటరు వెనక వదిలేశాడు. అయితే ఈ అలవాటు నిలవ ఉండదు, ఆపేసిన కొన్ని వారాల్లో పోతుంది. అందుకే నెలకో శనాదివారం వెళ్లి రావడం వల్ల ఈతకి లాభం గానీ ఎండకి లాభం లేదు. వరసగా ఉండాలి, అదీ రేసుకి దగ్గరలో ఉండాలి.

తిండి ఏ ఊళ్లో అయినా ఒకటే. సైకిల్ మీద గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. నాకు అరటిపండు, ఖర్జూరాలు, సీసాలో ఓఆర్ఎస్ పడ్డాయి. రేసు రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టకూడదు.

ఇక తీర్పు. ఒక్క ఊరే ఎంచుకోవాలంటే, ఉద్యోగం చేసుకుంటూ మొదటిసారి తయారయ్యేవాళ్లకి హైదరాబాదే మేలంటాను. రేసులో ఎక్కువ సమయం సైకిల్ మీదే గడుస్తుంది, దానికి క్షేమమైన చోటు ఇక్కడుంది. పూల్ ఏడాది పొడుగునా దొరుకుతుంది. సముద్రపు భయం పోవడానికి ఫిబ్రవరి, మార్చిల్లో విశాఖలో నాలుగైదు ఈతలు చాలు, ఎండకి రెండు వారాలు చాలు. కొండలు ఎక్కే కాళ్లు రెండు వారాల్లో రావు. విశాఖలో ఉన్నవాళ్లు ఊరు మారాల్సిన పని లేదు. వారంలో రెండు రోజులు ఇంట్లో ట్రైనర్ మీద (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) తొక్కి, తెల్లవారకముందు కైలాసగిరి ఎక్కితే సరిపోతుంది. ఆగస్టు తర్వాత మా వాడు చేస్తున్నది అదే.

అక్టోబర్ మూడో వారం నుంచి పన్నెండు రోజులు సెలవు పెట్టాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. వాడు తన ట్రైనర్ పక్కన నా సైకిల్‌కి కూడా చోటు ఖాళీ చేశాడు. రోజూ పొద్దున బీచ్ రోడ్డులో గంటంబావు పరుగు, సముద్రం ఒప్పుకున్న రోజు రుషికొండ. తుపాను కబురొస్తే ఈత పూల్‌లో.