ఓవర్‌టేక్ చేయడానికి పెట్రోలా, డీజిలా?

ముందు లారీ 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, మీరు 80లో దాన్ని దాటుతున్నారు. లారీ పొడవు 12 మీటర్లు, మీ కారు 4, దాటే ముందు, దాటాక వదలాల్సిన ఖాళీ చెరో 20 వేసుకోండి. అంటే లారీ కంటే మీరు 56 మీటర్లు ఎక్కువ పోవాలి. 20 కిలోమీటర్ల తేడాతో దానికి పది సెకన్లు పడుతుంది. ఈలోగా మీరు 220 మీటర్లు వెళ్తారు, ఎదురుగా అదే వేగంతో వచ్చే బండి ఇంకో 220 మీటర్లు దగ్గరవుతుంది. ఒక్క సెకను ఆలస్యమైతే 44 మీటర్ల ఖాళీ పోయినట్టే. ఇదంతా మీరు ముందే 80 అందుకుని ఉంటే. లారీ వెనకాలే 60లో నడుస్తూ మొదలుపెడితే ఇంకా ఎక్కువ పడుతుంది. పెట్రోలా డీజిలా అన్న గొడవంతా ఆ 60 నుంచి 80కి, 100కి ఎంత తొందరగా చేరతామన్న దాని గురించే.

ఉదాహరణకి రెండు 1.5 లీటర్ల ఇంజిన్లు తీసుకోండి. రెండూ 115 హార్స్‌పవరే. డీజిల్‌ది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), అదీ 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నుంచే. దానికి టర్బో, అంటే ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే ఫ్యాన్, ఉంటుంది. టర్బో లేని పెట్రోల్‌ది 144, అది పూర్తిగా అందాలంటే 4,500 దాకా వెళ్లాలి. 2,000 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ 70 హార్స్‌పవర్ ఇస్తుంటే పెట్రోల్ 40 కూడా ఇవ్వదు. అందుకే గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ బండి లాగినట్టు పెట్రోల్ బండి లాగదు. డీజిల్ కార్లకి గేర్లు కాస్త పొడుగ్గా, అంటే అదే వేగానికి ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగేలా, పెడతారు కాబట్టి చక్రం దగ్గరికి వచ్చేసరికి తేడా కాగితం మీద ఉన్నంత ఉండదు. అయినా డీజిలే ముందుంటుంది.

కానీ ఆ లాగుడు ఉందన్న ధీమాతోనే నేనోసారి దెబ్బతినబోయాను. అయిదో గేరులో, 1,300 ఆర్‌పీఎం దగ్గర, గేరు దింపడానికి బద్ధకించి డీజిల్ కారుని అలాగే కుడివైపుకి తీసి తొక్కాను. ఏమీ జరగలేదు. టర్బో తిరగాలంటే ఇంజిన్ నుంచి వచ్చే పొగ గట్టిగా తోయాలి, అంత కింద ఆ ఊపు ఉండదు. రెండు సెకన్ల తర్వాత ఒక్కసారిగా వీపు సీటుకి అతుక్కుంది గానీ అప్పటికే ఎదురు బండి లైట్లు కొడుతోంది. బ్రేకు వేసి మళ్లీ లారీ వెనక్కే చేరాను. దీన్నే టర్బో లాగ్ అంటారు. పైకి పోయినా ఇంకో చిక్కుంది: 4,500 దాటితే డీజిల్‌లో ఇక సత్తా ఉండదు. మరీ చిన్న గేరులో మొదలుపెడితే లారీ పక్కన ఉండగానే క్లచ్ తొక్కాల్సి వస్తుంది.

టర్బో లేని పెట్రోల్‌కి ఆ లాగ్ బాధ లేదు. తొక్కిన వెంటనే పలుకుతుంది, కాకపోతే మెల్లగా పలుకుతుంది. దాని మందు గేరే. 60లో ఉండగా రెండో గేరుకి దింపితే ముల్లు సుమారు 4,000కి చేరుతుంది, అక్కణ్ణుంచి 6,000 పైదాకా ఒకే గేరులో లాగించొచ్చు. చాలామంది ఆ అరుపుకి భయపడి మూడో గేరులోనో నాలుగులోనో ఈడ్చి, "పెట్రోల్ బండికి పికప్ లేదు" అంటారు. ఇంజిన్ వేడెక్కాక ఎర్రగీత లోపల ఎంత తిప్పినా దానికి ఏమీ కాదు. అసలు ఇబ్బంది అయిదుగురు, సామాను, ఏసీ, ఎత్తు ఎక్కుడు కలిసినప్పుడే. పైగా కొండమీద గాలి పలచన. వెయ్యి మీటర్లకి దాదాపు పది శాతం పవర్ తగ్గుతుంది. టర్బో ఉన్నవి ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటాయి.

టర్బో పెట్రోల్ వచ్చాక లెక్క మారిపోయింది. కింద 1,500, 1,800 నుంచే టార్క్ దొరుకుతుంది, పైన 6,000 దాకా ఊపిరీ ఉంటుంది. ఓవర్‌టేకింగ్ ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే. కాలు బరువైతే పెట్రోల్ తాగేస్తుంది, అది వేరే సంగతి. ఎప్పుడూ నిండు బరువుతో దూరాలు తిరిగేవాళ్లకి, గేర్లతో కుస్తీ ఇష్టంలేని వాళ్లకి డీజిల్. టర్బో లేని పెట్రోల్ మాత్రం గేరు దింపే అలవాటు ఉంటేనే.

ఆటోమేటిక్ అయితే ఇంకో తిరకాసు: తొక్కాక గేరు దిగడానికి అది కాస్త ఆలోచిస్తుంది. పక్కకి తీయకముందే స్పోర్ట్ మోడ్‌లోనో మాన్యువల్‌లోనో పెట్టుకుంటే ఆ ఆలోచన లారీ వెనకే అయిపోతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో సున్నా నుంచి వంద ఎంతలో అని అడక్కండి. ఖాళీ రోడ్డు చూసుకుని, మీ ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని, 60లో నాలుగో గేరులో ఒకసారి, మూడో గేరులో ఒకసారి పూర్తిగా తొక్కి 100 ఎప్పుడొస్తుందో పక్కవాళ్లని సెకన్లు లెక్కపెట్టమనండి.