వైజాగ్ బౌద్ధ కొండలు: ట్యాక్సీ ప్యాకేజీలో ఇరవై నిమిషాలకు తెమిలేవి కావు

వైజాగ్ హోటళ్ల దగ్గర ట్యాక్సీవాళ్లు చూపించే సిటీ టూరు జాబితాలో కైలాసగిరికీ భీమిలికీ మధ్య ఎక్కడో తొట్లకొండ పేరు ఇరికించి ఉంటుంది. కారు ఆపేది ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. స్తూపం ముందు నిలబడి, వెనక సముద్రం పడేలా ఫొటో దిగేసరికి డ్రైవరు హారన్ కొడతాడు. అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ అయితే ఆ జాబితాల్లో చాలావరకు కనిపించదు. బౌద్ధ క్షేత్రాల కోసమే వచ్చేవాళ్లకు ఈ ప్యాకేజీ డబ్బు దండగ. భీమిలి వైపు ఒక పూట, అనకాపల్లి వైపు ఇంకో పూట పెట్టుకోండి. రెండూ ఒకే రోజు చుట్టేద్దామంటే ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. సగం పొద్దు రోడ్డు మీదే పోతుంది.

తొట్లకొండ ఊరి నుంచి సుమారు 15 కిలోమీటర్లు, రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర. బస్సులో వెళ్లేవాళ్లు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె ఎక్కాలి. హైవే మీదుగా పోయే భీమిలి బస్సు ఎక్కితే ఈ కొండ దారిలోనే తగలదు. చాలామంది పొరబడేది ఇక్కడే. బస్సు కింద రోడ్డు మీద దింపేస్తుంది, పైకి ఎక్కడం మీ పనే. తారు రోడ్డే కానీ ఎండలో నడిస్తే పైకి చేరేసరికి చూసే ఓపిక ఉండదు. ముసలివాళ్లు, పిల్లలు ఉంటే రానూ పోనూ ఆటో మాట్లాడుకుని, పైన కనీసం గంటన్నర ఆగాలని ముందే చెప్పండి. వెయిటింగ్ సంగతి ముందు తేల్చుకోకపోతే చివర్లో గొడవే.

ఇక్కడ బుద్ధ విగ్రహాల కోసం వెతికితే నిరాశ తప్పదు. ఇది తొలినాటి బౌద్ధ శాఖ అయిన థేరవాదుల ఆరామం, అంటే భిక్షువులు ఉండే చోటు. క్రీస్తుపూర్వం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా సాగింది. తవ్వకాల్లో విగ్రహాల బదులు బుద్ధపాదాలు దొరికాయి. 1970లలో నావికాదళం చేసిన ఏరియల్ సర్వేలో ఈ శిథిలాలు బయటపడితే, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. కొండ మీద నిలబడి సముద్రం వైపు చూస్తే ఆ నాణేలు ఇక్కడికి ఎలా వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

అందరూ తిన్నగా స్తూపం దగ్గరికి పోతారు. మీరు ముందు తొట్ల దగ్గరికి వెళ్లండి. రాతిలో తొలిచిన 11 తొట్లు ఉన్నాయి. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద వాన నీళ్లు పట్టి దాచుకోవాల్సిందే. భిక్షువులు వర్షావాసం పేరిట వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండిపోతారు. తాగే నీరు పడేదీ ఆ నెలల్లోనే కాబట్టి, కొండ వాలూ తొట్ల లోతూ చూస్తే మిగతా కట్టడాలన్నీ అర్థమవుతాయి. అక్కణ్నించి వంటశాల, భోజనశాల వైపు నడవండి. ఆ తర్వాత విహారాలు, అంటే భిక్షువుల నివాసాలు, మొత్తం 72 గదులు. ఒక్కో గది ఒక మనిషి పడుకోవడానికి సరిపడేంతే. గదుల వరుసలు నడిచాక గుండ్రటి చైత్యగృహాలు (పూజా మందిరాలు) చూసి, స్తూపాన్ని ఆఖరికి ఉంచుకోండి.

ఆ స్తూపం గురించి ఒక మాట. ఇప్పుడు కనిపిస్తున్నదంతా రెండు వేల ఏళ్లనాటి కట్టుబడి అనుకోవద్దు. అడుగుభాగం పాతది, పైన చాలావరకు ఇటీవల పునరుద్ధరించింది. 2019 అక్టోబరులో కురిసిన భారీ వానలకు కొంత భాగం కూలితే మళ్లీ కట్టారు. ఏది పాత రాయి, ఏది కొత్త రాయి అని చూసేవాడికి తెలిసేలా బోర్డు పెడితే బాగుండేది. శుభ్రత, దారులు బాగున్నాయి, వివరణే తక్కువ. గైడు దొరుకుతాడన్న నమ్మకం పెట్టుకోకుండా ముందే చదువుకుని వెళ్లడం మేలు. స్తూపం ఎక్కి కూర్చునే వాళ్లను చూసి మీరూ ఎక్కకండి, ప్రదక్షిణ చేసుకోవచ్చు. ఉదయం ఎనిమిదిలోపు వెళితే ఎండా ఉండదు, ప్రీ-వెడ్డింగ్ షూటింగుల సందడీ ఉండదు.

అదే పూటలో తిమ్మాపురం దగ్గర బావికొండ కలుపుకోవచ్చు. 1982-87 మధ్య తవ్వారు, ఇటుక కట్టడాలు ఎక్కువ. బుద్ధుడిదని భావించే ఎముక ముక్క ఉన్న ధాతుపాత్ర ఇక్కడే దొరికింది కానీ కొండ మీద చూద్దామంటే లేదు. జనం తక్కువ, ముప్పావుగంట చాలు. భీమిలిలోని పావురాలకొండ మాత్రం ఆసక్తి బాగా ఉన్నవాళ్లకే. అక్కడా రాతి తొట్లున్నాయి, మొత్తం 16. మూడోదాకా ఓపిక లేకపోతే వదిలేసినా నష్టం లేదు.

ఇక అనకాపల్లి వైపు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఒకే ఒక్క పూట ఉన్నవాళ్లు సముద్రాన్ని వదులుకుని ఇటే రావాలి. రైల్లోనో బస్సులోనో అనకాపల్లి చేరి, అక్కణ్నించి ఆటోలో మూడు నాలుగు కిలోమీటర్లు వెళితే శంకరం ఊరు, బొజ్జన్నకొండ ఉన్నది అక్కడే. ఆటోవాళ్లకు బొజ్జన్నకొండ అంటే చాలు. 1900ల మొదట్లో బ్రిటిష్ పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించిన చోటు ఇది, ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. తొట్లకొండలో లేనిదంతా ఇక్కడుంది: కొండలోనే తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు, ద్వారపాలకులు, మెట్ల పైన ఇటుక కట్టడాలు. బౌద్ధంలోని హీనయానం (థేరవాదం ఈ కోవలోదే), మహాయానం, వజ్రయానం శాఖలు మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఈ కొండ మీద సాగాయి.

పెద్ద గుహలోకి వెళ్లాక వెంటనే బయటికి రాకండి. నాలుగు వరుసల్లో 16 స్తంభాలు గుహను 20 అరలుగా విడదీస్తాయి. మధ్యలో చదరపు అరుగు మీద అదే రాతిలో చెక్కిన స్తూపం ఉంటుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక గానీ అరల లెక్క తేలదు, ఫోన్ లైటు పక్కనుంచి పడేలా వేస్తే చెక్కడాలు బాగా కనిపిస్తాయి. బయటి శిల్పాలు కొన్ని అరిగిపోయాయి, ఎండకూ వానకూ నిలిచే రాయి కాదిది.

పక్కనే లింగాలకొండ. దీన్ని చాలామంది కిందనుంచి చూసి తిరిగిపోతారు, అది పెద్ద పొరపాటు. కొండ రాతినే మలిచి వరుసలు వరుసలుగా చిన్నాపెద్దా స్తూపాలు చెక్కారు. వాటిని లింగాలనుకునే ఊరివాళ్లు ఆ పేరు పెట్టారు. వాలుగా ఉన్న బండ, వాన పడితే జారుతుంది. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. రెండు కొండలకూ కలిపి మూడు గంటలు ఉంచుకోండి. మనిషికి లీటరు నీళ్లు పట్టుకెళ్లాలి, కొండ మీద కొనుక్కునే వీలుంటుందనుకోవద్దు. భోజనం అనకాపల్లికి తిరిగొచ్చాకే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. బుద్ధపూర్ణిమకు వెళ్లాలనుకుంటే అది నడి వేసవి, తెల్లారేసరికి కొండ దగ్గర ఉండాలి. కనుమ నాడు మాత్రం బొజ్జన్నకొండ పెట్టుకోకండి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల జనం కొండకు వచ్చి, రాక్షసుడనుకునే ఒక కట్టడం మీద రాళ్లు వేసే ఆనవాయితీ ఉండేది. దాన్ని ఆపడానికి ప్రయత్నాలు జరిగినా పండగ రద్దీలో గుహలు నిదానంగా చూడటం కుదరదు.