గులకరాయా, కంకరా?

రెండూ చిన్న రాళ్లే. కానీ సిద్దవటం దగ్గర పెన్న ఒడ్డున ఏరుకున్న రాయిని ఎవరూ కంకర అనరు. ఏటి నీళ్లలో దొర్లి దొర్లి అంచులు అరిగి నున్నగా అయింది గులకరాయి. క్రషర్‌లో పగలగొట్టగా పదునైన మూలలతో వచ్చేది కంకర.

ఈ మూలల దగ్గరే అసలు తేడా ఉంది. స్లాబుకు 20 ఎంఎం కంకర తెప్పిస్తాం. గరుకు ముఖానికి సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది. రైలు పట్టాల కింద కూడా కంకరే. మూలలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలకుండా నిలుస్తాయి, వాన నీరు సందుల్లోంచి దిగిపోతుంది. అక్కడ గులకరాళ్లు పోస్తే రైలు అదురుకు జారిపోతాయి.

మరి గులకరాయి దేనికి? అచ్చనగాయలకు, పులిజూదానికి, పూలకుండీల్లో మట్టి మీద పరచడానికి. చేతికి గుచ్చుకోదు కాబట్టి ఆటకు ఇదే సరి. మా ఇంట్లో అవ్వ దాచిన ఐదు అచ్చనగాయలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని పట్టుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతికేది కూడా ఇలాంటి చిన్న రాళ్ల మధ్యనే, వజ్రం కోసం.

ఇల్లు కట్టేవాళ్లు ధర తక్కువని ఏటి రాయి కలిపిన కంకర మాత్రం దించుకోవద్దు. లోడు దించకముందే గుప్పెడు తీసి మూలలు చూడండి.