పువ్వుల గ్రానీ స్క్వేర్ దివాన్ దుప్పటి: ఏళ్ళ తరబడి వాడాక

గ్రానీ స్క్వేర్ అంటే క్రోషె సూదితో మధ్యలోంచి చుట్టూ అల్లుకుంటూ వచ్చే చదరం. మధ్యలో పువ్వుండే ఈ చదరం ఎలా అల్లాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు. ఆఖరి కుట్టు పడగానే ఫొటో తీసి ముగిస్తారు. దాని మీద మనుషులు కూర్చుంటే, వారం వారం దులిపితే, బోరు నీళ్ళలో ఉతికితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మా హాల్లో దివాన్ మీద నేనల్లిన దుప్పటి ఏళ్ళుగా పరిచే ఉంది కాబట్టి రాస్తున్నాను.

దివాన్ ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. ఆరంగుళాల చదరాలు పొడవున 12, అడ్డంగా 5, మొత్తం 60. దారం 8 ప్లై మందం కాటన్, క్రోషె సూది 4 ఎంఎం, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నాను. అంచుతో కలిపి కిలోన్నర దాకా తూగింది. షాపులో ముందుగా చూపించేది అక్రిలిక్ అనే సింథటిక్ దారమే. మెత్తగా ఉంటుంది, రంగులు మెరుస్తాయి, చవక. స్వెటర్‌కైతే బాగానే ఉంటుంది. దివాన్ మీదికి వద్దు. రెండు దిండు గలీబులు దాంతోనే అల్లాను కాబట్టి పోలిక ఇంట్లోనే ఉంది: తల ఆనిన చోటల్లా చిన్న చిన్న ఉండలు కట్టాయి, మే నెలలో మెడకి చెమట అంటుకుపోతుంది. ఇస్త్రీ పెట్టె తగిలితే ఇక అంతే, సాగిపోయి జీవం లేకుండా పడి ఉంటుంది. కాటన్ దుప్పటి మాత్రం ఉతికేకొద్దీ ఒంటికి హాయిగా తయారైంది.

ఇక పువ్వు. మధ్యలో పసుపు బొడిపె, చుట్టూ ఎనిమిది ఎర్ర రేకలు. ఒక్కో రేకకీ ఒకే చోట ఐదు కుట్లు వేసి, సూది తీసేసి, మొదటి కుట్టులో గుచ్చి, వదిలిన చివరి ఉచ్చుని దాంట్లోంచి లాగితే రేక ఉబ్బి పైకి లేస్తుంది. రేకల వెనక గొలుసు కుట్లు వేసి, వాటి మీద ఆకుపచ్చ వరస, ఆపైన మూలలు తిప్పి తెలుపుతో చదరం. చూడ్డానికి దీన్ని మించింది లేదు. వాడకంలో తంటా అంతా ఆ లేచిన రేకల దగ్గరే. పిల్లల పట్టీలు, నా మెట్టెలు, వచ్చినవాళ్ళ గాజులు, అన్నీ అక్కడే తగులుకుంటాయి. ఒక్క పోగు లాగిందంటే రేక కుంచించుకుపోయి పక్క రేక వదులవుతుంది. జంతికల పొడి, కిటికీలోంచి వచ్చే దుమ్ము రేకల మొదట్లో చేరి దులిపినా రాదు.

మా పిన్నిది నరసాపురం వైపు. అక్కడి లేసు అల్లికకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. సన్నటి నూలు దారం, సన్నటి స్టీలు సూది, నలిగినా తెగని బల్లపరుపు పని వాళ్ళది. దుప్పటిని అరచేత్తో ఒకసారి నిమిరి, "పువ్వు లేచి కూర్చుంటే మనిషెక్కడ కూర్చుంటాడే?" అంది. నేను నవ్వేశాను కానీ ఆవిడ మాటే నిజం. ఉబ్బు రేకల చదరాలు గోడకి ఆనే వరసలో పెట్టుకోవాలి. కూర్చునే వరసల్లో బల్లపరుపు రేకల పువ్వు చాలు.

అల్లడం కంటే విసుగు పుట్టించేది దారం కొసలు దాచడం. చదరానికి నాలుగు రంగులంటే ఎనిమిది కొసలు, 60 చదరాలకి 480. మొద్దు సూదితో ఒకే దిక్కుకి దూర్చి కత్తిరించిన కొసలు రెండు మూడు ఉతుకుల్లో బయటికి వచ్చేస్తాయి. ఒక వైపు, వెనక్కి, మళ్ళీ ముందుకి దూర్చినవి మాత్రం ఇప్పటికీ కదల్లేదు. అతుకులు కూడా అదే దారంతో వేయాలి. మామూలు కుట్టు దారం ఈ కాటన్ దారాన్ని కోసేస్తుంది.

ఎరుపు గురించి కొంచెం ఏడవాలి. రంగు పోదని షాపతను ఒట్టేసినంత పని చేశాడు. మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్ళు రూహ్ అఫ్జా షర్బత్ రంగుకి తిరిగాయి, తెల్ల అంచులు లేత గులాబీ అయ్యాయి. ఉప్పు నీళ్ళూ పనిచేయలేదు. చూసినవాళ్ళు కావాలనే వేసిన షేడ్ అనుకుంటారు, నేనూ కాదనను. కొనేముందు మూర దారం తడిపి తెల్ల గుడ్డలో గట్టిగా నొక్కి చూడండి. దారం ఉండలకి చుట్టిన కాగితం మీద లాట్ నంబర్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) కూడా చూసుకోండి, లాట్ మారితే అదే రంగు వేరే ఛాయలో ఉంటుంది.

ఉతికాక తీగ మీద వేయొద్దు. తడిసిన కాటన్ బరువుకి చదరాలు నిలువుగా సాగి పువ్వులు కోలగా మారతాయి. పిండకుండా పాత తువ్వాలులో చుట్టి అదిమి, డాబా మీద నీడలో చాప పరిచి ఆరేస్తాను. తడిగా ఉన్నప్పుడే మూలలు లాగి సరిచేస్తే అలాగే ఆరుతుంది.

ఇంత చెప్పాక కూడా మళ్ళీ అల్లుతారా అంటే, అల్లుతాను, కూర్చునే వరసల్లో ఉబ్బు రేకలు లేకుండా. ఇంకో పని కూడా చేస్తాను. తెగిన రేకని దాచిన కొత్త దారంతో బాగుచేస్తే వెలిసిన పువ్వుల మధ్య అదొక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అందుకని మూడు నాలుగు చదరాలు ఎక్కువ అల్లి పెట్టుకుని, దుప్పటిని ఉతికినప్పుడల్లా వాటినీ అదే బకెట్‌లో వేసి, అదే చాప మీద ఆరేస్తాను.