మంత్రాలయంలో నది ఒడ్డు ఇల్లు రోజు అద్దెకు: యజమానిగా నా సమీక్ష

మంత్రాలయంలో తుంగభద్ర స్నానఘట్టాలకు దగ్గరలో మాకు ఒక మేడ ఇల్లు ఉంది. 2016లో కొన్నాం. కింద రెండు గదులు, పైన రెండు గదులు. డాబా ఎక్కితే నది కనిపిస్తుంది. అప్పటి నుంచి భక్తులకు రోజు అద్దెకు ఇస్తున్నాం. మేముండేది కర్నూలులో. ఇలాంటి ఇల్లు కొనాలని చూస్తున్న బంధువులు, స్నేహితులు తరచూ అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నా మాట ముందే చెప్తాను: ఊళ్లోనే ఉండి ఇల్లు చూసుకునే నమ్మకమైన మనిషి దొరికితే ఇది మంచి ఆస్తి. దొరక్కపోతే కొనకండి.

ఎందుకంటే ఇక్కడ రాబడి వచ్చే రోజులూ, వరద వచ్చే రోజులూ ఒకటే. రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ విదియకు, అంటే ఎక్కువగా ఆగస్టులో వస్తుంది. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. గదులు నెలల ముందే అయిపోతాయి. మాకు ఎగువన, కర్ణాటకలో హోస్పేట దగ్గరున్న తుంగభద్ర డ్యాం నిండి గేట్లు ఎత్తేదీ ఆ రోజుల్లోనే.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ఏడాది మధ్యారాధన, అంటే మూడు రోజుల ఆరాధనలో నడిమి రోజు, 21న. మా గదులన్నీ అప్పటికే బుక్ అయ్యాయి. మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదులుతున్నారని టీవీల్లో చూసి, ఫోన్ల మీద ఫోన్లు. రావచ్చా, డబ్బు వెనక్కి ఇస్తారా, ముసలివాళ్లను తేవచ్చా? కింద గదులు తీసుకున్నవాళ్లకు నేనే ఫోన్ చేసి, తేదీ మార్చుకోండి లేదా అడ్వాన్స్ మొత్తం తీసుకోండి అని చెప్పాను. డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, పోయిన గేటు చోట స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలిక ఇనుప అడ్డుపలకలు, దించి ప్రవాహాన్ని ఆపేదాకా ఆ టెన్షన్ తగ్గలేదు. ఆ రోజుల్లో మాకు పనికొచ్చింది టీవీ కాదు, పొద్దున, సాయంత్రం ఘాట్ దాకా వెళ్లి చూసొచ్చి చెప్పిన మా మనిషి. మామూలు వరదల్లోనూ అంతే. "అన్నా, నీళ్లు మెట్లు ఎక్కుతాండాయి, కింద గదులోళ్లను పైకి పంపిచ్చేదా?" అని అడిగితే నేను కర్నూలులో కూర్చుని నిర్ణయం తీసుకోగలను. ఆ మాట చెప్పే మనిషి లేకపోతే ఎన్ని కెమెరాలు పెట్టినా లాభం లేదు. పెద్ద వానకు ముందు పోయేది కరెంటు, ఆ వెనకే నెట్.

ఇల్లు చూసుకునే మా మనిషి, ఆయన భార్య ఇంటి వెనక గదిలోనే ఉంటారు. గదికి అద్దె తీసుకోం, నెల జీతం ఇస్తాం. ఆరాధన మూడు రోజుల రాబడిలో వాటా కూడా ఇస్తాం. ఆ వాటా దగ్గర మాత్రం పిసినారితనం చూపించొద్దని నా గట్టి నమ్మకం.

ఇక ఇల్లు. 2009 అక్టోబరు 2 వరదలో కర్నూలుతో పాటు మంత్రాలయం కూడా మునిగింది. మాకు అమ్మిన పెద్దాయన నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చూపించారు. ఆ గుర్తు చూశాకే బేరం కుదుర్చుకుని, దానికి తగ్గట్టు పనులు చేయించాం. మీటరు బోర్డు, ఇన్వర్టరు, మోటారు స్టార్టరు అన్నీ పై అంతస్తుకు ఎక్కించాం. కింద అంతస్తు వైరింగ్‌కు వేరే మెయిన్ స్విచ్ పెట్టాం, పైన ఉండి కింద కరెంటు తీసేయొచ్చు. కింద చెక్క బీరువాల్లేవు, ఇనుప మంచాలు, గోడలోనే బండ అరలు. నేలకు బేతంచెర్ల బండలు వేయించాం. బురద వచ్చినా కడిగితే చాలు, టైల్స్‌లా అడుగున నీళ్లు చేరి ఉబ్బవు. ఖర్చు పెట్టినందుకు నూటికి నూరు సంతృప్తి ఇచ్చిన పని ఇదే.

రోజువారీ బాధ మాత్రం వరద కాదు, ఇసుక. నదిలో మునిగి తడి బట్టలతో వచ్చి బాత్రూంలో పిండుకుంటారు. ఇసుకంతా పైపుల్లో చేరి నీళ్లు కదలవు. వీధి గుమ్మం పక్కనే కుళాయి, కాళ్లు కడుక్కునే గచ్చు, బట్టలు ఆరేసుకోవడానికి డాబా మీద గట్టి తీగలు పెట్టించాక ప్లంబర్‌ను పిలవడం బాగా తగ్గింది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గీజర్లు ఊరికే పాడవుతున్నాయని సోలార్ హీటర్ పెట్టించాం. దాన్నీ శుభ్రం చేయిస్తూ ఉండాలి, కానీ తెల్లవారుజామున నాలుగింటికి వేడినీళ్లు అడిగేవాళ్లకు అదే దిక్కు. నంబరు నొక్కే తాళం కొన్నాళ్లు వాడి తీసేశాం. పెద్దవాళ్లు ఇబ్బంది పడ్డారు. మామూలు తాళం, చేతికి అందించే మనిషి, అదే బాగుంది.

బుకింగ్ యాప్ గురించి: కొత్తలో ఒకదాంట్లో పెట్టాం. కమీషన్ పోగా మిగిలేది తక్కువ. పైగా వరద వస్తుందని మేమే బుకింగ్ రద్దు చేస్తే మా రేటింగ్ తగ్గించారు. మనుషుల క్షేమం కోసం చేసిన పనికి శిక్షేమిటని నాకు ఇప్పటికీ కోపమే. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లు, వాళ్లు చెప్పగా వచ్చినవాళ్లు. ఫోటోలు మాత్రం రెండు పంపుతాను, ఆగస్టు నదిది ఒకటి, ఏప్రిల్ నదిది ఒకటి. ఎండాకాలంలో ఇక్కడ ఎక్కువగా కనిపించేది ఇసుక, బండలు, మధ్యలో సన్నటి పాయ. నిండు నది ఆశపెట్టి పిలవడం న్యాయం కాదు.

నదిలో గుంతలుంటాయి, పైనుంచి నీళ్లు వదిలితే ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతుంది. పిల్లలను ఒంటరిగా నదికి పంపొద్దని తెలుగు, కన్నడ రెండింటిలో రాసి తలుపు మీద అంటించాం. మా మనిషి నోటితో కూడా చెప్తాడు. విసుక్కునేవాళ్లుంటారు, విసుక్కోనివ్వండి.

కాగితాల పని తప్పదు. మంచాలు, పరుపులు, పనిమనిషి అన్నీ ఇస్తూ రోజు అద్దె తీసుకుంటున్నాం కాబట్టి మా ఆడిటర్ దీన్ని వ్యాపార ఆదాయంగానే చూపిస్తారు. విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు దిగినా 24 గంటల్లోగా వాళ్ల వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవాళ్లు) ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. అమెరికాలో పుట్టిన మనవళ్లను వెంటబెట్టుకొచ్చే తాతలకు ఇది గుర్తుండదు, మనమే అడగాలి. ఇన్సూరెన్సులో భారత్ గృహ రక్ష అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉంది, వరద నష్టం కూడా అందులో ఉంటుంది. అయితే అది కాపురం ఉండే ఇళ్లకు ఉద్దేశించింది. అందుకే రోజు అద్దెకు ఇస్తున్నామని దరఖాస్తులోనే రాసి, దానికి తగ్గ పాలసీ తీసుకున్నాం. ప్రీమియం కొంచెం ఎక్కువే. రెన్యువల్ జూన్‌లో, డ్యాంలోకి నీళ్లు మొదలవకముందే కడతాం.