వెడల్పు తెర: లారీకి వరం, తుపాకీ ఆటకు అంతంతమాత్రం

ఈ మానిటర్ బాగుందా అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ గేమ్ ఆడతారు? భీమవరంలోని మా ఇంట్లో 34 అంగుళాల, 2560×1080 తెర బల్ల మీదికి ఎక్కి ఏళ్లు గడిచాయి. రంగులకు, తళుకుకు వంక పెట్టను. అసలు కథంతా ఆ అదనపు వెడల్పును గేమ్ ఏం చేసుకుంటుందన్నదే.

లారీ నడిపే గేమ్ యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో బ్రిటన్ రోడ్ల మీద మనలాగే ఎడమ పక్కన నడపాలి. స్టీరింగ్ కుడివైపున్న లారీ తీసుకుంటే ఎడమ అద్దం దూరమైపోతుంది. పాత 16:9 తెర (వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 9) మీద దాన్ని చూడాలంటే ప్రతిసారీ మౌస్ జరపాల్సిందే. ఇప్పుడు రోడ్డు మీద చూపు ఉండగానే, ట్రైలర్ వెనక చక్రం గట్టెక్కుతోందా లేదా అన్నది అద్దంలో తెలిసిపోతుంది. పాలకొల్లు నుంచి కొబ్బరి లోడు తోలే మా బావ కుర్చీలో కూర్చోగానే ముందు అటే చూశాడు. “కాలవగట్టు మలుపులో నా ప్రాణం ఈ అద్దంలోనే ఉంటుంది బావా” అన్నాడు.

ఇలా కుదరడానికి కారణం ఉంది. మంచి గేమ్ నిలువు చూపు కోణాన్ని కదపకుండా పక్కలకు చూపు పెంచుతుంది. 16:9లో అడ్డంగా 90 డిగ్రీలు కనిపిస్తే, నా తెర మీద 106 కనిపిస్తాయి. దీన్ని హోర్ ప్లస్ అంటారు. వర్ట్ మైనస్ దీనికి తలకిందులు: అడ్డం 90 దగ్గరే ఆగుతుంది, పైనా కిందా కత్తెర పడుతుంది. నిలువు 59 నుంచి 46 డిగ్రీలకు పడిపోతుంది. ఎక్కువ డబ్బు పోసి తక్కువ చూడటమన్నమాట! 2007లో తుపాకీ ఆట బయోషాక్ వెడల్పు తెరల మీద ఇలాగే కోతతో వచ్చింది. ఆటగాళ్లు గొడవ చేశాక ప్యాచ్‌తో (సవరణ అప్‌డేట్‌తో) సరిచేశారు.

ఆన్‌లైన్ తుపాకీ ఆట వాలరెంట్‌లో అందరికీ 103 డిగ్రీలే, తెర పెద్దదైనా అదనంగా ఏమీ చూపించదు. పోటీ ఆట కనుక అది న్యాయమే. సాహస గేమ్ ఎల్డెన్ రింగ్ కూడా 16:9కే కట్టుబడి పక్కల నల్ల పట్టీలు వేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

అంచుల్లో మనుషులు లావుగా కనిపిస్తే మానిటర్‌ను తిట్టకండి. లోకాన్ని చదునైన తలం మీద పరిస్తే కోణం పెరిగేకొద్దీ బొమ్మ సాగుతుంది. మధ్యతో పోలిస్తే అంచున అడ్డం సాగుదల 90 డిగ్రీలకు 2 రెట్లు, 106కు దాదాపు 2.8 రెట్లు.

కొనేముందు బల్ల లోతు కొలవండి. తెర వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు. 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే కంటికి అది 60 డిగ్రీలే. అందులో 106 డిగ్రీలు కుక్కితే దూరాన నక్కిన శత్రువు చీమంత అవుతాడు. అందుకే తుపాకీ ఆటల్లో, సెట్టింగుల్లో వీలుంటే, నేను అడ్డం కోణాన్ని 95 దాటనివ్వను.