ఎముకలకు మందా, రాగిజావ-నడకా: ఏది మేలు?

"డెక్సా స్కాన్‌లో మైనస్ 2.2 వచ్చింది, మందు వాడమంటున్నారు. రాగిజావ తాగుతూ రోజూ నడిస్తే సరిపోదా?" ఈమధ్య ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. అడగడానికి కారణం ఉంది. డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే స్కాన్. మా అక్క, నేను ఒకేరోజు అది చేయించుకున్నాం. అందులో వచ్చే అంకె టీ-స్కోరు, వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో పోల్చి చెప్పేది; సున్నాకు ఎంత కిందికి పోతే ఎముక అంత పలచన. ఆమె టీ-స్కోరు మైనస్ 2.2, నాది మైనస్ 2.1. అక్క ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ తీసుకుంది. నేను ఏ మందూ మొదలుపెట్టలేదు. దాదాపు ఒకే అంకెకు రెండు దారులేంటని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతారు.

అసలు తేడా ఆ అంకెలో లేదు. అక్కకు 67 ఏళ్లు. రెండేళ్ల కిందట వంటింట్లో తడి మీద కాలు జారి మణికట్టు విరిగింది. పడితే విరగదా అనుకున్నాం, కట్టు కట్టించాం, ఆరువారాల తర్వాత మరిచిపోయాం. అక్కడే పొరపాటు చేశాం. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక విరగదు. యాభై దాటాక అలా విరిగిందంటే ఎముక గుల్లబారిందేమోనని అప్పుడే చూడాల్సింది.

ఇంకో సూచన కూడా మా కళ్లముందే ఉంది. చీర కుచ్చిళ్లు నేలకు రాసుకుంటున్నాయని అక్క ఏడాదిగా విసుక్కుంటోంది. చీర మారలేదు, మనిషే పొట్టి అయింది. కొలిస్తే పాత ఎత్తు కన్నా నాలుగు సెంటీమీటర్లు తక్కువ. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస అణిగిపోయి కనిపించింది. ఎప్పుడు అణిగిందో ఆమెకే తెలియదు. వెన్నుపూసలు ఎక్కువగా ఇలా చప్పుడు చేయకుండానే విరుగుతాయి, నొప్పి వచ్చినా మామూలు నడుంనొప్పి ఖాతాలో పడిపోతుంది. ఇలా ఒకటి విరిగాక ఏడాది తిరక్కుండానే ఐదుగురిలో ఒకరికి మరొకటి విరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. అందుకే స్కోరు, మామూలుగా గీతగా పెట్టుకునే మైనస్ 2.5 దాకా వెళ్లకపోయినా, అక్కకు ఉన్నది ఆస్టియోపోరోసిసే, అంటే ఎముకలు గుల్లబారే జబ్బే అన్నారు డాక్టర్. నాకు 55. ఇంతవరకు ఏదీ విరగలేదు, ఎత్తు తగ్గలేదు, స్టెరాయిడ్ మాత్రలు వాడలేదు, అమ్మకు తుంటి విరిగిన చరిత్ర లేదు.

ఇక మందు ఎంత మేలు చేస్తుందన్నది. అక్క ఎక్కించుకున్న జోలెడ్రానిక్ యాసిడ్ మీద 2007లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడేళ్లలో ఉత్త సెలైన్ ఎక్కించుకున్నవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి వెన్నుపూస విరిగితే, మందు ఎక్కించుకున్నవాళ్లలో ముగ్గురికే విరిగింది. తుంటి అయితే నూటికి 2.5 నుంచి 1.4కు తగ్గింది. వెన్నుపూస విషయంలో 70 శాతం తగ్గినట్టు లెక్క. కానీ ఆ పరీక్షలో ఉన్నవాళ్లు ఎముకలు బాగా గుల్లబారినవాళ్లు, చాలామందికి అప్పటికే వెన్నుపూస విరిగింది. నాకు విరిగే ప్రమాదమే తక్కువ. కిలో ధర ఎంత తగ్గించినా నేను కొనేది వంద గ్రాములైతే నాకు మిగిలేదెంత? అక్క మాత్రం బస్తా కొనే మనిషి.

ఈ లెక్క వేసుకోవడానికి ఫ్రాక్స్ అనే ఉచిత సాధనం నెట్‌లో ఉంది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు 2008లో తెచ్చారు, అందులో ఇండియాకు విడిగా నమూనా ఉంది. వచ్చే పదేళ్లలో తుంటి విరిగే అవకాశం 3 శాతం గానీ, ముఖ్యమైన ఎముకలన్నీ కలిపి 20 శాతం గానీ దాటితే అమెరికాలో మందు మొదలుపెడతారు. నా అంకెలు వాటికి చాలా దిగువన ఉన్నాయి. ఒక్క లోపం, ఎన్నిసార్లు పడ్డారో ఫ్రాక్స్ అడగదు. అపార్ట్‌మెంట్ క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే మిషన్ రిపోర్టుతో మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి, డెక్సా చేయించుకోవాల్సిందే.

ఏ మందు అన్న దగ్గర అక్క దినచర్యే తేల్చింది. వారానికో అలెండ్రోనేట్ మాత్ర చవక, పాతది, పనిచేస్తుంది. కానీ పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని అరగంట సేపు పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఆమెకు ఎసిడిటీ ఉంది, పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర ఎలాగూ ఉంది. ఆరునెలలకోసారి చేయించుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్ శక్తిమంతమైనదే. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు, కాల్షియం పడిపోకుండా చూసుకుంటూ, తరచూ దాన్నే ఎంచుతారు. అయితే దాన్ని ఆలస్యం చేస్తే, లేదా వేరే మందుకు మారకుండా ఆపేస్తే, ఎముక వేగంగా కరిగి ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. అక్క కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తే ఆరునెలలు అక్కడే. తిరుగు టికెట్ ఒక నెల వెనక్కి జరిగితే ఇంజెక్షనూ నెల ఆలస్యమవుతుంది. అలా జోలెడ్రానిక్ మిగిలింది. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), కాల్షియం, విటమిన్ డి చూశారు, ఒక పుచ్చిపన్ను తీయించారు. ఎక్కించాక రెండురోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి, పారాసెటమాల్‌తో తగ్గాయి. టెరిపరటైడ్ అనే ఇంజెక్షన్ రోజూ పొడుచుకోవాలి, ఖరీదు, బాగా ముదిరినవాళ్లకు. రాలోక్సిఫెన్ మాత్ర తుంటిని కాపాడినట్టు రుజువు లేదు. ఎముకలకు మంచిదనే నల్లేరు పచ్చడిని మందనుకోకుండా రుచికి తినండి.

దవడ ఎముక కుళ్లుతుందన్న వాట్సాప్ భయం గురించి అందరూ అడుగుతారు. ఈ మోతాదుల్లో అది చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు తరచూ ఇచ్చే పెద్ద మోతాదుల్లోనే ఎక్కువ. ఏళ్ల తరబడి వాడితే తొడ ఎముక విచిత్రంగా విరగడం కూడా అరుదే, కానీ నిజం. అందుకే ఇంజెక్షన్ అయితే మూడేళ్లకు, మాత్రలైతే ఐదేళ్లకు ఆగి, విరామం ఇవ్వొచ్చా అని చూస్తారు.

మరి రాగిజావ? నెలసరి ఆగినవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. గ్లాసు జావకు మనం కలిపేది పాతిక గ్రాములు, అంటే 90 లోపే. పాలు, పెరుగు లేకుండా లెక్క కుదరదు. అమెరికాలో 36 వేలమంది మహిళల్లో సగంమందికి ఏడేళ్లపాటు కాల్షియం, విటమిన్ డి మాత్రలు, మిగతావాళ్లకు ఉత్త మాత్రలు ఇచ్చి చూస్తే తుంటి ఫ్రాక్చర్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, కిడ్నీరాళ్లు మాత్రం కాస్త పెరిగాయి. కాల్షియం ఇల్లు కట్టడానికి ఇటుకల్లాంటిది. ఇటుకలు తెచ్చి వాకిట్లో పోసినంత మాత్రాన గోడ లేవదు.

నడక గుండెకు మంచిది, ఎముకకు దానితో ఒరిగేది తక్కువ. ఎముకకు బరువు పడాలి. 2018లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, నెలసరి ఆగిన మహిళలు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల పర్యవేక్షణలో పెద్ద బరువులు ఎత్తారు. ఎనిమిది నెలల్లో వాళ్ల నడుం ఎముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. నేను పట్టుకున్నది ఈ దారినే. జిమ్‌లో కుర్రాళ్లు "ఆంటీ, మెల్లగా" అంటుంటే మొదట్లో సిగ్గేసేది. ఇన్ని చెప్పి దాచడం న్యాయం కాదు, బరువులెత్తితే ఫ్రాక్చర్లు ఇంత తగ్గుతాయని మందుల స్థాయి రుజువు లేదు. పడటం తగ్గుతుందన్న రుజువు ఉంది. వ్యాయామంతో పెద్దవాళ్లు పడిపోవడం నాలుగో వంతు దాకా తగ్గుతుంది.

అందుకే అక్కకూ ఇంజెక్షన్‌తో పని అయిపోలేదు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ వేయించాం, రాత్రి చిన్న బల్బు వెలుగుతుంది, శుక్లం ఆపరేషన్ అయింది, నిద్రమాత్ర ఆపించాం. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం రోజూ చేస్తుంది. యోగా క్లాసులో పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం మాన్పించారు. అణిగిన వెన్నుపూసకు ముందుకు వంగడమే చేటు.

నా మొగ్గు ఎటో తెలిసే ఉంటుంది. ఒకసారి విరిగినవాళ్లు మందుకు వెనకాడటం నాకు నచ్చదు, ఏదీ విరగనివాళ్లు అంకె చూసి కంగారుగా మందు వేసుకోవడమూ నచ్చదు. నాకు రెండేళ్లకు మళ్లీ స్కాన్. ఈలోగా జారిపడి ఏదైనా విరిగితే స్కాన్ దాకా ఆగను, అక్క చేయించుకున్న ఇంజెక్షనే చేయించుకుంటాను. తలుపుచట్రం మీద ఇద్దరి ఎత్తులూ పెన్సిల్‌తో గీసి పెట్టాం, ప్రతి సంక్రాంతికీ కొలవాలని.